ఏడో నంబరు ఎడమ కాలు

నేను రిటైరైన రోజు సన్మాన సభలో ఒక కుర్ర పీడీ మైకు పట్టుకొని, "సార్ చేతి కింద ఆడిన ఏ ఆడపిల్లకీ అన్యాయం జరగలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను శాలువా అంచు సర్దుకుంటూ తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు. వినయమూ లేదు, వల్లకాడూ లేదు. సిగ్గు.

ఆ మాటన్న కుర్రవాడి కోసమూ, అతని ఈడు వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. మెడలో ఈల వేసుకొని కోర్టులోకి దిగుతున్నారు కదా, అంతకుముందు ఒక ముసలి పీడీ చేసిన వెధవ పని ఒకటి వినిపోండి. పేర్లు మాత్రం అడక్కండి. ఆ పేర్లు నేను అప్పుడే పిలవలేదు, ఇప్పుడెందుకు రాస్తాను?

మదనపల్లెలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా, అదే పీడీగా, నేను చేరింది తొంభైల మొదట్లో. మా బాస్కెట్‌బాల్ కోర్టు రోడ్డును ఆనుకొని ఉండేది. మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. సాయంత్రం నాలుగైందంటే చాలు, మగపిల్లలు వచ్చి ఆ గోడ మీద వరసగా కూర్చునేవాళ్లు. ఆట చూడడానికి కాదు, పేర్లు ఏరుకోవడానికి. కోర్టులో ఒక పిల్ల ఇంకో పిల్లను పేరుపెట్టి పిలిచిందంటే, మరుసటి రోజు ఆ పేరు బస్టాండులో వినపడేది, టమోటా మండీ ముందర వినపడేది, సినిమా హాలు గేటు దగ్గర వినపడేది. నేను చేరిన రెండో ఏడు మా జట్టు పిల్ల ఒకతె పేరు అట్లాగే రోడ్డున పడింది. వాళ్లన్న వచ్చి ప్రిన్సిపాల్ గదిలో టేబుల్ గుద్ది, ఆ పూటే టీసీ తీసుకొని చెల్లెల్ని వెంటబెట్టుకుపోయాడు.

ఆ వారంలోనే నేనొక రూలు పెట్టాను. కోర్టులో ఎవరూ ఎవరినీ పేరుతో పిలవకూడదు. బంతి కావాలన్నా నోరు తెరవకూడదు. నేను చొక్కా మీది నంబరుతో పిలుస్తాను. వాళ్లు ఒకరినొకరు చప్పట్లతో పిలుచుకోవాలి. ఒక చప్పట కొడితే ఎడమ పక్క ఉన్నానని, రెండు కొడితే కుడి పక్క ఉన్నానని, మూడు కొడితే బంతి వెనక్కి ఇమ్మని. ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పించాను. పిల్లలు కూడా ఎంత బాగా పట్టుకున్నారంటే, కళ్లు మూసుకొని కూడా చప్పటకు బంతి వేయగలిగేవాళ్లు.

నా తెలివికి నేనే ఎంత మురిసిపోయానో చెబితే నవ్విపోతారు. గోడ మీది పిల్లలకు విసుగొచ్చి ఒక్కొక్కరే దిగిపోయారు. తల్లిదండ్రులు వచ్చి దండాలు పెట్టారు. ప్రిన్సిపాల్ గారైతే, "మీ పిల్లలు ఎంత క్రమశిక్షణగా ఆడతారండీ, పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉంటుంది" అని స్టాఫ్ మీటింగులో మెచ్చుకున్నారు. బయటి జట్లతో ఆడేది ఏడాదికి ఒకటో రెండో ఆటలు. అవీ చూడడానికి పదిమంది వస్తే గొప్ప. చప్పట్లకు ఎక్కడా ఇబ్బంది రాలేదు.

ఇక ఏడో నంబరు సంగతి. పుంగనూరు దగ్గర పల్లె. తండ్రికి కొంచెం మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. ఆ పిల్ల మా ఊళ్లో హాస్టల్లో ఉండి చదివేది. పెద్ద పొడవరి కాదు గానీ, కోర్టులో ఎవరు ఎక్కడున్నారో చూడకుండానే తెలిసేది ఆమెకు. మిగతావాళ్లు బంతి వెంట పరిగెత్తితే, ఆమె బంతి రాబోయే చోటికి పోయి నిలబడేది. నా ఉద్యోగం మొత్తంలో అట్లాంటి పిల్లలను ముగ్గురినో నలుగురినో చూశాను.

ఆమెను హాస్టల్లో చేర్చిన రోజు వాళ్ల నాయన నా దగ్గరకొచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకొని, "ఆటాడతానంటా ఉండాది సార్. ఆడనీ. ఆడబిడ్డ, రవ్వంత జాగర్తగా సూసుకోండి" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన అన్నది చారెడు, నేను విన్నది బస్తాడు. ఈ మనిషికి పరువంటే ప్రాణం, కూతురి గొంతు బయట వినపడితే తల ఎత్తుకోలేడు అని నాకు నేనే తీర్మానించేసుకున్నాను.

ఆమెకు పీడీ కావాలని ఉండేది. "నేనూ మీ మాదిరి ఈల ఏసుకోవాల సార్" అనేది. మా కాలేజీలో ఆ కోరిక చెప్పిన మొదటి పిల్ల ఆమే. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే ఆ సర్టిఫికెట్టు మీద వ్యాయామ విద్య కోర్సులో సీటు వచ్చేది. తండ్రి కూడా ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "యూనివర్సిటీకి ఆడితే సదువుకో పో, ల్యాకుంటే ఇంటికొచ్చి పురుగులు సూస్కో అన్న్యాడు సార్ మా నాయన" అని నవ్వుతూనే చెప్పింది. అది ఆమె డిగ్రీ చివరి ఏడు. ఎంపిక జరిగేది కుప్పంలో, కాలేజీల మధ్య పోటీలప్పుడే. ఆ ఒక్క ఆటే ఆమెకు మిగిలిన దారి.

మేము బయలుదేరిన రోజు ఇంకా గుర్తుంది. పొద్దున్నే మొదటి బస్సుకు ఎనిమిది మంది పిల్లలు, నేను, తోడుగా మా ఎకనామిక్స్ మేడం. ఆవిడకు ఆట గురించి ఏమీ తెలియదు గానీ మనుషుల గురించి అన్నీ తెలుసు. చిత్రాన్నం పొట్లాలు ఒళ్లో పెట్టుకొని, "సార్, మన పిల్లోళ్లు గెలిస్తే పొట్లం ముందు విప్పుదామా, ఓడిపోతే ముందు విప్పుదామా?" అని అడిగింది. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట దాటి కుప్పం చేరేసరికి ఇద్దరు పిల్లలకు వాంతులు. ఏడో నంబరు మాత్రం కిటికీ దగ్గర కూర్చొని వేళ్లతో మోకాలి మీద చప్పట్ల లెక్క వేసుకుంటూనే ఉంది.

అక్కడి కోర్టు మా ఊరి కోర్టులాంటిది కాదు. చుట్టూ మెట్లు, మెట్ల నిండా జనం. మగపిల్లలే మూడొందల మందికి తక్కువ ఉండరు. మైకులో ఒకాయన తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తున్నాడు. మా మీద ఆడబోయే జట్టు పిల్లలు అప్పుడే బంతులు వేసుకుంటూ కోర్టంతా హోరెత్తిస్తున్నారు. "ఇంద ఇంద! పోడు పోడు!" అని తమిళంలో బంతి వెయ్యమనేది ఒకతె, "యేయ్, ఈడుండాను సూడే!" అని తెలుగులో ఇంకొకతె. మా పిల్లలు ఎనిమిది మందీ గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డారు.

ఆట మొదలైంది. మా నాలుగో నంబరు బంతి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద జనం చప్పట్లు కొట్టారు.

అయిపోయింది. అంతే.

మూడొందల మంది చప్పట్లలో మా పిల్లలు తమ చప్పట్లను వెతుక్కుంటున్నారు. ఒకతె ఎడమకు చూస్తుంది, అక్కడెవరూ లేరు. ఇంకొకతె మూడు చప్పట్లు విని బంతి వెనక్కి విసిరింది, అది నేరుగా అవతలి పిల్ల చేతిలో పడింది. జనానికి అది సరదాగా తోచి ఇంకా గట్టిగా కొట్టారు. వాళ్లు కొట్టేకొద్దీ మావాళ్లు బొంగరాల్లా తిరిగారు. ఇంత తెలివైనవాణ్ణి, చూసేవాళ్లు చప్పట్లు కొడతారన్న సంగతి నా బుర్రకు ఎప్పుడూ తట్టలేదు. మేడం నా చెవి దగ్గర, "యాల సార్, మన బిడ్డలు అట్ల బెదిరిపోతా ఉండారు?" అని అడిగింది. సగం ఆట అయ్యేసరికి వాళ్లవి ముప్పై ఒకటి, మావి నాలుగు.

విరామంలో పిల్లలు నీళ్లు కూడా తాగలేదు. ఇద్దరు ఏడుస్తున్నారు. ఏడో నంబరు నా ముందుకొచ్చి నిలబడింది.

"సార్, అరిసి పిలుసుకుందామా? సప్పట్లు ఇనిపించడం ల్యా."

"ఏం, ఇన్నేళ్లు నేర్పించింది ఇందుకేనా? జనం ఎట్లాంటోళ్లో చూస్తా ఉండావు కదా. నోరు మూసుకొని ఆడండి."

"నోరు మూసుకుంటే ఆడేదానికి కాలేదు సార్."

ఆ పిల్ల పొగరుగా అనలేదు. ఉన్న మాట అంది. కానీ పిల్లలందరి ముందరా నా రూలు తప్పని ఒక పిల్ల చెప్పేసరికి నాకు మండిపోయింది. "నేను చెప్పింది విను" అని ముఖం తిప్పుకున్నాను.

రెండో సగం మొదలై రెండు నిమిషాలు కూడా కాలేదు. బంతి మా ఐదో నంబరు దగ్గర ఇరుక్కుపోయింది. అప్పుడు వినపడింది.

"ఈడికేయ్! ఏయ్, ఈడికేయ్!"

ఆ గొంతు ఆ పిల్ల లోపల ఎక్కడ దాక్కొని ఉండిందో నాకు తెలియదు. మెట్ల మీద చప్పట్లన్నీ ఒక్క క్షణం ఆగాయి. ఐదో నంబరు ఉలిక్కిపడి బంతి వేసింది, ఏడో నంబరు రెండడుగులు వేసి బుట్టలో వేసేసింది. మళ్లీ "ఈడికేయ్". మళ్లీ బుట్ట. ఆ తర్వాత నాలుగో నంబరు పేరు పెట్టి పిలిచింది, ఐదో నంబరు పేరు పెట్టి పిలిచింది. పిల్లల ముఖాల్లోకి ప్రాణం వచ్చింది. ఒకరి వెంట ఒకరు వాళ్లూ అరవడం మొదలుపెట్టారు. పది నిమిషాలలో మావి ఇరవై రెండు. అవతలి జట్టు పీడీ లేచి నిలబడ్డాడు. ఎంపిక చేయడానికి వచ్చిన పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకొని నోటుబుక్కు తెరిచాడు. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

అప్పుడే మెట్ల మీది కుర్రాళ్లు అందుకున్నారు. ఆమె అరిచిన ప్రతిసారీ ఆమె గొంతుతోనే, "ఈడికేయ్! ఏయ్, ఈడికేయ్!" అని మూకుమ్మడిగా కేక. నవ్వులు. నేను ఆ వైపు చూశాను. వాళ్ల మధ్యలో, భుజం మీద తువ్వాలుతో, ఆమె తండ్రి నిలబడి ఉన్నాడు. వస్తానని ఆయన మాకెవరికీ చెప్పలేదు.

టేబుల్ గుద్దిన ఆ అన్న గుర్తొచ్చాడు. పరుగున పోయి స్కోరు రాసేవాళ్లతో ఆటగత్తెను మారుస్తున్నానని చెప్పాను. ఏడో నంబరును బయటికి పిలిచి, పదకొండో నంబరును లోపలికి పంపాను. తండ్రి పరువు కోసం చేశానని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్లు అదే చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఆమె నా మాట కాదని గెలుస్తా ఉంది. అదీ నేను ఓర్చుకోలేకపోయింది.

ఆమె వచ్చి బెంచీ చివర కూర్చుంది. కోర్టులో మిగతా నలుగురూ ఆమెకేసి చూసి నోళ్లు మూసుకున్నారు. మళ్లీ చప్పట్లకు పోయారు. ఇరవై రెండు ఇరవై రెండుగానే ఉండిపోయింది. వాళ్లవి యాభై దాటాయి.

ఆట ముగిసి మేము సంచులు సర్దుకుంటుంటే ఆమె తండ్రి జనంలో దారి చేసుకుంటూ వచ్చాడు. నేను క్షమాపణ చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఏమి సార్, అంత బాగా ఆడతా ఉన్నింది, యాల కూసోబెడ్తిరి? దాని గొంతు ఇన్న్యారా? నా గొంతే సార్ అది! తోటలో ఆ కొసన నిలబడి అరిసిందంటే ఈ కొసన ఇంటికి ఇనిపిస్తాది. ఆ పిల్లోళ్లతో నేనూ అరస్తా ఉంటి, గొంతు పోయె సూడండి."

నిజంగానే ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. నేను నోరు తెరిచేలోపల ఎంపిక చేసే పెద్దాయన వచ్చాడు. నాకంటే పదిహేనేళ్లు సీనియరు. చేతిలో నోటుబుక్కు తెరిచే ఉంది.

"ఏమప్పా, ఆ ఏడో నంబరు పిల్లను ఎందుకు తీసేసినావు? పేరు రాసుకుందామని చూస్తుంటే బెంచీ మీద ఉండాది. ఏమైనా కొట్లాటా?"

ఆయన వెనక ఇంకో ముగ్గురు పీడీలు నిలబడి ఉన్నారు. పిల్ల అరిచిందని తీసేశానని వాళ్ల ముందు ఎట్లా చెప్పను? బాస్కెట్‌బాల్లో అరిచిందని! పగలబడి నవ్వుతారు. పక్కన తండ్రి. రెండడుగుల దూరంలో ఆ పిల్ల.

"కాలు బెణికింది సార్" అన్నాను. నోట్లోంచి నున్నగా వచ్చేసింది. అది చాలనట్టు, "ఎడమ కాలు" అని కూడా చేర్చాను.

"అయ్యో. నాలుగు రోజుల్లో యూనివర్సిటీ జట్టు క్యాంపప్పా. బెణికిన కాలంటే మూడు వారాలు అడుగుతాది" అన్నాడు పెద్దాయన. నోటుబుక్కులో ఏదో కొట్టేశాడు. "మంచి పిల్ల. పాపం" అని ముందుకు కదిలాడు.

పది అడుగులు నడిచి ఉంటాడు. పిలిచి ఉండవచ్చు. "సార్, ఒక్క నిమిషం" అంటే సరిపోయేది. ఆ ఒక్క నిమిషం కోసం ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను బంతుల సంచి తాడు ముడి వేస్తున్నాను.

"యాడమ్మా, సూపించు" అని తండ్రి ఒంగాడు. ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెట్టు మీద కూర్చొని ఎడమ మడమ చేత్తో పట్టుకుంది. "ఊరికే రవ్వంత నాయనా. తగ్గిపోతాదిలే" అంది.

లేచి కుంటుకుంటూ నడిచింది. తండ్రి చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. బస్టాండు దాకా అట్లాగే. బస్సెక్కేటప్పుడు అట్లాగే. నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను, ఒక్కసారైనా కాలు మారుతుందేమోనని. మారలేదు. నా అబద్ధాన్ని ఆ పిల్ల నాకంటే జాగ్రత్తగా మోసింది.

బస్సులో మేడం నా పక్క సీట్లో కూర్చుంది. వెంకటగిరికోట దాటాక మెల్లగా, "సార్, ఆ బిడ్డి కాలు ఎప్పుడు బెణికింది? నేను పక్కనే కూసోనుంటి కదా" అంది. నేను కిటికీ బయటికి చూశాను. చిత్రాన్నం పొట్లాలు ఎవరూ విప్పలేదు. పుంగనూరులో తండ్రీ కూతురూ దిగారు. దిగేటప్పుడు ఆయన కండక్టరును, "రవ్వంత నిలపప్పా, బిడ్డికి కాలు బాలేదు" అని బతిమాలాడు.

ఆ తర్వాతి ఏడు నుంచి నా కోర్టులో చప్పట్లు ఎత్తేశాను. పిల్లల చేత గొంతు చించుకొని అరిపించాను. గోడ మీదికి కుర్రాళ్లు వస్తే నేనే పోయి వాళ్ల పేర్లు అడిగి, ఊళ్లు అడిగి, వాళ్ల తండ్రుల పేర్లు గట్టిగా పిలిచేవాణ్ణి. రెండు వారాలలో గోడ ఖాళీ. అంత సులువైన పని అది. మా జట్టు తర్వాత గెలిచింది కూడా. 'ఆడపిల్లలకు గొంతిచ్చిన పీడీ' అని ఆ చుట్టుపక్కల నాకు పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు.

ఏడో నంబరు డిగ్రీ పూర్తి చేసింది. పుంగనూరు దగ్గర వాళ్ల ఊరికే పోయింది. పట్టుపురుగులు చూసుకుంది. తర్వాత పెళ్లయింది, వెంకటగిరికోట వైపు ఇచ్చారని విన్నాను. ఇది చదివితే ఆమెకు కొత్త సంగతేమీ ఉండదు. తెలియాల్సిన మనిషి వాళ్ల నాయన. ఆయన ఇప్పుడు లేడు. ఉన్నప్పుడు చెప్పడానికి నాకు ఒక అవకాశం వచ్చింది. అది కూడా రాసేస్తాను.

రెండు వేలు దాటిన తర్వాత సంగతి. నా రిటైర్మెంటు దగ్గర పడింది. పని మీద పుంగనూరు పోయి బస్టాండులో నిలబడి ఉన్నాను. "సార్!" అని బొంగురు గొంతు. ముసలాయన. పక్కన ఆమె. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిని ఆరేళ్ల ఆడపిల్ల పట్టుకొని ఉంది. ఆమె నమస్కారం పెట్టింది. బాగున్నారా సార్ అని అడిగింది. నేను బాగున్నానన్నాను.

ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు.

"మీరు సానా కష్టపడ్నారు సార్ దానికోసరం. తప్పంతా నాదే. కుప్పం పోయే ముందు బూట్లు కావాల నాయనా అనింది. నేను సంతలో నాసిరకం బూట్లు తీసిచ్చినా. మంచివి తీసిచ్చింటే కాలు బెణికేది కాదు. ఈపొద్దు మీ మాదిరి ఉద్యోగంలో ఉండేది నా బిడ్డ. యాడన్నా పిల్లోళ్లు ఆడతాంటే సూసినానంటే ఆ బూట్లే గెవనం వస్తాయి సార్."

ఆమె కూతురి జుట్టు సర్దుతూ ఆగిపోయింది. తల ఎత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. కుప్పంలో చూసినట్టే చూసింది, నేనేదో చెబుతానేమోనని. ఈసారి నా చేతిలో ముడి వేయడానికి తాడు కూడా లేదు. చెప్పాలనే అనుకున్నాను. ఒట్టు, అనుకున్నాను.

"ఔనప్పా" అన్నాను. "ఆ బూట్లు అంత మంచివి కావులే."

ముసలాయన తల ఊపాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"బస్సొచ్చింది నాయనా, పదా" అంది.